మడిలో ఉన్న పూసలు

మా కాలేజీలో జువాలజీకీ బోటనీకీ కలిపి ఒకటే ఫ్రిజ్. పై అరలో నా నాచు మొక్కలు, మధ్య అరలో లోవలక్ష్మి రొయ్యల మొప్పలు, తలుపు అరలో ప్రిన్సిపాల్ చంద్రరావు గారి మజ్జిగ సీసా. 2001లో వానలు మొదలైన దగ్గర్నుంచి అందులోకి ఇంకో చిన్న సీసా కూడా చేరింది. వేలెడంత ఉంటుంది. మూతికి మైనం, చుట్టూ చెమ్మ పీల్చే గుళికలు, ఆ పైన ఒక డబ్బా. డబ్బా మీద లోవలక్ష్మి మొదట "ముట్టుకోవద్దు" అని రాసి అంటించింది. మా కాలేజీలో అలా రాసి ఉన్న వస్తువునే జనం ముందుగా ముట్టుకుంటారు. కొన్నాళ్ళు చూసి, ఆ కాగితం చింపేసి "ఎలకల మందు" అని అంటించింది. ఆ తర్వాత ఎవరూ దాని జోలికి పోలేదు. ప్రిన్సిపాల్ గారు ఫ్రిజ్‌లో మజ్జిగ పెట్టడం కూడా మానేశారు.

నా పేరు శ్రీసుధ. బోటనీ చెబుతాను. రాజమండ్రిలో నాకు నోరు మంచిది కాదని పేరుంది, అది నిజమే.

లోవలక్ష్మి జువాలజీలో టెంపరరీ లెక్చరర్. వాళ్ళది తుని అవతల సముద్రపు ఒడ్డున ఊరు. తండ్రి గంగాధర్ ఇప్పటికీ వేటకి వెళతాడు. తమ్ముడు చినబాబు మాత్రం సముద్రంతో పడలేక రొయ్యల చెరువు కౌలుకి తీసుకున్నాడు. మొదటి పంటకే తెల్లమచ్చ తెగులు వచ్చింది. రొయ్య పెంకు మీద మచ్చ కంటికి కనబడిందంటే ఇక చేసేదేమీ ఉండదు, వారం తిరక్కుండా చెరువు చెరువంతా తేలిపోతుంది. చినబాబు ఇప్పుడు ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. మచ్చ కనబడక ముందే తెగులుని పట్టిచ్చే పరీక్ష ఒకటి కావాలని, దానికి కావలసిన యాంటీబాడీ తనే తయారుచేస్తానని, లోవలక్ష్మి పీహెచ్‌డీకి పేరు ఎక్కించుకుంది. అది జరిగి ఆరేళ్ళయింది.

ఆమెకి గైడు మా జువాలజీ హెడ్ శ్రీరామమూర్తి గారు. కోనసీమ అగ్రహారం మనిషి. ఇంట్లో అందరూ పురోహితులైతే ఈయన కప్పల మీద డాక్టరేట్ చేశారు. కప్పని కోసిన రోజు ఇంటికి వెళ్ళి తలస్నానం చేసి గానీ వీధి గుమ్మం దాటరు. ఇలాంటి మాటలు చెప్పి నేను ఆయన్ని ఆట పట్టిస్తాను గానీ, లోవలక్ష్మి కోసం యూనివర్సిటీకి వెళ్ళి గుమాస్తాల దగ్గర చేతులు కట్టుకుని నిలబడి గడువు మీద గడువు తెచ్చింది ఆయనే. కన్నకూతురికి కూడా అంతగా తిరిగి ఉండరు. ఈసారి మాత్రం యూనివర్సిటీ వాళ్ళు డిసెంబరు నెలాఖరు ఆఖరి గడువు అని రాసిచ్చారు. మిగతా అధ్యాయాలన్నీ టైపు అయిపోయాయి. చివరిది ఒక్కటే లేదు. ఆ చివరి అధ్యాయం ఫ్రిజ్‌లో ఎలకల మందు డబ్బాలో ఉంది. అది కుదరకపోతే ఆరేళ్ళూ దండగ.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. శ్రీరామమూర్తి మాస్టారి భార్య వరహాలక్ష్మి గారికి మడి ఎక్కువ. సంతకాల కోసం లోవలక్ష్మి వాళ్ళింటికి వెళ్ళినప్పుడల్లా లోపలి నుంచి ఒకే మాట వినిపించేది: "అక్కడే ఉండమ్మా, మడిలో ఉన్నాను." సోమవారం వెళ్ళినా అంతే, శుక్రవారం వెళ్ళినా అంతే. వీధరుగు మీద ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసేవారు. కాఫీ గ్లాసు తెచ్చి అరుగు చివర పెట్టి వెళ్ళేవారు. మాస్టారు బయటికి వచ్చి, కాగితాలు గోడకి ఆనించి సంతకం పెట్టేవారు. నన్ను మాత్రం వంటింటి గుమ్మం దాకా రానిచ్చేవారు. నేనేమీ గోదాట్లో మునిగి వెళ్ళేదాన్ని కాదు. ఆ తేడా ఎందుకో నాకు తెలుసు, లోవలక్ష్మికి తెలుసు, తెలియనట్టు ఉండేది మాస్టారు ఒక్కరే. నాకు ఒళ్ళు మండేది. లోవలక్ష్మి మాత్రం, "పోనీలెండి సుధ గారూ, కాఫీ బాగుంటుంది" అనేది.

డబ్బాలో సీసాలో ఉన్నది తెల్లటి పొడి. సముద్రపు నాచు నుంచి తీసే జిగురుని అగరోజ్ అంటారు. ఆ లెక్కన అది నా సబ్జెక్టే. ఆ జిగురుతో చేసిన పూసల్ని ఎండబెడితే ఈ పొడి అవుతుంది. తడిపితే ఉబ్బి, సగ్గుబియ్యం మరీ చిన్నవైతే ఎలా ఉంటాయో అలా అవుతాయి. మామూలు పూసలు దేన్నీ పట్టుకోవు. ఇవి అలాంటివి కావు. వీటికి కంపెనీ వాళ్ళే ముందుగా మందు పట్టించి పంపుతారు.

ఆ మందు సంగతి లోవలక్ష్మి మాస్టారికి వివరించిన రోజున నేను అక్కడే ఉన్నాను. ఆయనకి కప్ప ఒంట్లో ఏ నరం ఎటు పోతుందో తెలుసు గానీ, ఇలాంటివి కొత్త. ఆమె ఓపిగ్గా చెప్పింది. ఈ పూసలు క్షారపు నీళ్ళలో పడగానే చేతులు చాచినట్టుగా తయారవుతాయి, ఎదురుగా ఏ ప్రోటీన్ వస్తే దాన్ని పట్టేసుకుంటాయి, ఒకసారి పట్టుకున్నాక వదలవు. తను రొయ్యల మొప్పల నుంచి రెండేళ్ళు కష్టపడి తీసిన వైరస్ ప్రోటీన్‌ని వాటికి పట్టించాలి. ఆ పూసల్ని గాజు గొట్టంలో నింపి, అదే ప్రోటీన్ ఎక్కించిన కుందేలు రక్తం నుంచి తీసిన సీరం పై నుంచి పోస్తే, ఆ ప్రోటీన్‌ని గుర్తుపట్టే యాంటీబాడీలు మాత్రం ఆగిపోతాయి, మిగతాదంతా కిందికి పోతుంది. తర్వాత కాస్త ఆమ్లం పోస్తే ఆగినవి శుభ్రంగా దిగుతాయి.

మాస్టారు కళ్ళజోడు పైకి తోసుకున్నారు. "అంటే, మన ప్రోటీన్ తగిలేలోపు దానికి ఇంకేదీ తగలకూడదంటావు."

"ఆయ్. చేతి చెమట కూడా తగలకూడదండి. మడిలో ఉందనుకోండి మాస్టారూ."

మాస్టారి మొహం వెలిగిపోయింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయనకి బయోకెమిస్ట్రీని ఆయన భాషలో చెప్పినవాళ్ళు ఎవరూ లేరు. ఆ రోజంతా కారిడార్లో కనబడ్డవాళ్ళకల్లా చెప్పారు, పాశ్చాత్యులు మడి కనిపెట్టారని.

ముహూర్తం కూడా ఆయనే పెట్టారు. కార్తీక సోమవారం. లోవలక్ష్మికి ఏ వారమైనా ఒకటే, కరెంటు ఉన్న వారమైతే చాలు. ఆమె సీసా మైనం విప్పి, పొడి మొత్తం తీయకుండా సగం తూచి తీసుకుంది. మంచి రోజు చూసుకుని ఈ సగం సగం పనులేంటని మాస్టారు నొచ్చుకున్నారు. "మా నాన్న రెండు వలలూ ఒకేసారి వెయ్యడండి" అని, మిగిలిన సగానికి మళ్ళీ మైనం పెట్టి ఫ్రిజ్‌లో దాచేసింది.

ఆ తర్వాత జరిగింది నేను కళ్ళారా చూడలేదు. ఫస్టియర్ వాళ్ళకి ప్రాక్టికల్స్ చేయిస్తున్నాను. ఇద్దరూ చెప్పినదాన్ని బట్టి చెబుతున్నాను, ఇద్దరూ అబద్ధాలాడే మనుషులు కారు.

లోవలక్ష్మి పొడిని చల్లటి పల్చటి ఆమ్లంలో వేసి కడిగింది. పూసలు ఉబ్బాయి. వాటిని క్షారపు నీళ్ళలోకి మార్చి, మూతున్న ట్యూబులో వేసింది. ప్రోటీన్ పక్కనే ఐసులో ఉంది. దాన్ని పోయడమే తరువాయి. అప్పుడు అటెండర్ సత్తియ్య వచ్చి, ప్రిన్సిపాల్ గారు వెంటనే రమ్మంటున్నారని చెప్పాడు. మర్నాడు కాలేజీకి తనిఖీ కమిటీ వస్తోంది. కమిటీకి టిఫిన్ల బాధ్యత టెంపరరీ వాళ్ళ మీద వేశారు. పర్మనెంటు వాళ్ళమైతే తర్వాత వస్తామని చెప్పి పంపుతాం. టెంపరరీ వాళ్ళు ఆ మాట అనలేరు.

"నువ్వు వెళ్ళిరా అమ్మాయ్. నేనిక్కడే ఉంటాను. ఈగని కూడా వాలనివ్వను" అన్నారు మాస్టారు.

ఎవర్నీ ముట్టుకోనివ్వొద్దని, ట్యూబుని అప్పుడప్పుడు మెల్లగా తలకిందులు చేస్తూ ఉండమని, ఎలా చేయాలో చూపించి, ఆమె పరుగెత్తింది. ఐదు నిమిషాల్లో వచ్చేద్దామనుకుంది. ప్రిన్సిపాల్ గారు కమిటీకి పెసరట్టు ఉప్మా పెట్టాలా ఇడ్లీ పెట్టాలా అన్నది గంటసేపు ఆలోచించారు. పెసరట్టయితే చల్లారిపోతుందని, ఇడ్లీ అయితే మర్యాదగా ఉండదని ఆయన బాధ. ఆఖరికి రెండూ పెట్టాలన్నారు.

ఆమె తిరిగి వచ్చేసరికి మాస్టారు కదలకుండా అక్కడే ఉన్నారు. ట్యూబుని చంటిపిల్లని ఆడించినట్టు తిప్పుతున్నారు. ఎవరూ రాలేదని, ఏదీ తగల్లేదని చెప్పారు. నీళ్ళు కాస్త ఎక్కువ తెల్లగా అనిపించాయి గానీ, పూసలే తెలుపు కదా, తిప్పినప్పుడు రాలిన నలుసు కాబోలనుకుంది. పూసలు కిందికి దిగేదాకా ఆగి, పైన నీళ్ళు వంచేసి, ప్రోటీన్ పోసింది. నా క్లాసు అయిపోయి నేనూ వచ్చాను. ముగ్గురం వంతులవారీగా రెండు గంటలు ఆ ట్యూబుని అటూ ఇటూ తిప్పాం. మిషను మీద పెట్టి గిరగిరా తిప్పితే పూసలు చితికిపోతాయట. మాస్టారు తన వంతు వచ్చినప్పుడల్లా పెదాలు కదుపుతున్నారు. ఏదో స్తోత్రం.

ఫలితం తెలుసుకోవడానికి ఒక రంగు మందు ఉంది. టీ డికాషన్ రంగులో ఉంటుంది. ప్రోటీన్ తగిలితే నీలంగా మారుతుంది. పూసలు ప్రోటీన్‌ని పట్టేసుకుని ఉంటే పైన నీళ్ళలో ఏమీ మిగలదు కనక, ఆ నీళ్ళు చుక్క వేస్తే రంగు మారకూడదు. అంటే నీలం వస్తే ఏడవాలి, ఏమీ జరక్కపోతే పండగ చేసుకోవాలి.

లోవలక్ష్మి చుక్క వేసింది. సిరా బుడ్డి ఒలికినట్టు నీలం వచ్చింది. ఇంకో గొట్టంలో వేసింది. అదీ నీలమే. లెక్క కట్టి చూస్తే పోసిన ప్రోటీన్ దాదాపు పోసినట్టే ఉంది. పూసలకి ఏమీ అంటలేదు.

ఆమె స్టూలు మీద కూర్చుంది. ఏడవలేదు. నాకే ఏడుపొచ్చింది. గంటసేపు ఆ నీళ్ళలో ఉంటే పూసల పట్టు కొంత తగ్గుతుంది, అది ఆమెకి తెలుసు, కానీ గంటకే ఇంతలా పోకూడదు. ఎక్కడ తప్పు చేశానా అని మొదటి నుంచీ ఒక్కొక్కటే పైకి చెప్పుకుంటోంది. ఆమ్లం సరిగ్గానే కలిపాను, క్షారం సరిగ్గానే ఉంది, ప్రోటీన్ మంచిదే. నేను ప్రిన్సిపాల్ గారిని, ఆయన పెసరట్లని నోటికొచ్చినట్టు తిట్టాను.

మాస్టారు ఆమె పక్కకి వచ్చి నిలబడ్డారు. "అలా జరగడానికి వీల్లేదమ్మాయ్. ఇంకోసారి చూడు. నా చేత్తో పాలు కూడా పోశాను."

లోవలక్ష్మి తల ఎత్తింది. "ఏం పాలండీ?"

పాలకొల్లు పాలని చెప్పారాయన. ముందు రోజు సాయంత్రం బస్సెక్కి పాలకొల్లు వెళ్ళి, రాత్రి సత్రంలో పడుకుని, తెల్లవారుజామున క్షీరారామలింగేశ్వరుడికి లోవలక్ష్మి పేరు మీద అభిషేకం చేయించి, ఆ పాలు ప్లాస్కులో పోయించుకుని, మొదటి బస్సుకి వచ్చి, మళ్ళీ గోదావరిలో స్నానం చేసి కాలేజీకి వచ్చారు. ఇదంతా ఎవరికీ చెప్పలేదు. చెబితే ఫలం పోతుందట. ఆమె ప్రిన్సిపాల్ గదిలో ఉన్నప్పుడు ట్యూబు మూత తీసి, మూడు ఉద్ధరిణెలు పోసి, మూత పెట్టి, ఆమె చూపించినట్టే మెల్లగా తిప్పారు.

"నా చెయ్యి తగలనివ్వలేదమ్మా. ఉద్ధరిణె కూడా వెండిది. మడిలో ఉన్నదానికి అభిషేకం పాలు అంటు ఎలా అవుతాయి?"

ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. మడిలో ఉన్న మనిషి తీర్థం పుచ్చుకోవచ్చు. ఆయన ఆలోచన మొదటి నుంచి చివరి దాకా సరిగ్గానే ఉంది. దాంతో నాకు కోపం ఇంకా ఎక్కువైంది. నోరు తెరిచాను. లోవలక్ష్మి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"దానికి పవిత్రం తెలీదండి మాస్టారూ. అపవిత్రమూ తెలీదు. ముందు ఏది తగిలితే దాన్ని పట్టుకుంటుంది. పాలల్లో ఉన్నదీ ప్రోటీనేనండి."

ఆమె గొంతు పెంచలేదు. పాలలో ప్రోటీన్ ఉంటుందని మాస్టారు సర్వీసులో చేరిన దగ్గర్నుంచీ పాఠం చెబుతున్నారు. అభిషేకం చేసిన పాలలో కూడా ఉంటుందని ఆ రోజే తెలిసింది. గోడకున్న తన గొడుగు తీసుకుని, వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా వెళ్ళిపోయారు. ఆ నడక చూస్తే జాలేసింది. జాలేసినందుకు నా మీద నాకే చిరాకేసింది.

మిగిలింది ఆ సగం పొడి. ఆమె ప్రోటీన్ కూడా మిగిలింది. పూసలు పట్టుకోలేదు కనకే అది దక్కింది. దాన్ని మళ్ళీ శుభ్రం చేసి, చిక్కబరిచి, కొత్త పూసలకి పట్టించాలి. కానీ ఆ సీసా ఒకసారి విప్పినది. దానికి తోడు బంగాళాఖాతంలో తుఫాను పట్టింది. వారం రోజులు ముసురు. గోడలకి చెమ్మ, పుస్తకాలకి బూజు, ఉప్పు డబ్బాలో ఉప్పు నీరైపోయింది. చెమ్మ తగిలితే ఆ పొడి కూడా అంతే, సీసాలోనే చచ్చి ఊరుకుంటుంది, చూస్తే తెలియదు. రోజూ కరెంటు పోతోంది. ఫ్రిజ్ తలుపు ఎవరూ తియ్యకుండా నా నాచు మొక్కలన్నీ ఖాళీ చేసేశాను. అవి నా గదిలో కుళ్ళిపోయాయి. పోతే పోయాయి, నాచుకి మన దేశంలో కరువు లేదు.

మాస్టారు ఆ వారమంతా జువాలజీ లాబ్ వైపు రాలేదు. క్లాసు చెప్పడం, స్టాఫ్ రూములో పేపరు వెనక కూర్చోవడం. నేను పలకరిస్తే తలూపేవారు. లోవలక్ష్మి ఆయన్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఆయన మొహమే చెప్పేది.

ప్రోటీన్ సిద్ధమైన రోజు కార్తీక అమావాస్య. మాస్టారికి ఆ సంగతి తెలియకుండా ఉండదు. అయినా ఈసారి ముహూర్తం మాట ఎత్తలేదు. ప్రిన్సిపాల్ గారు పిలిస్తే లోవలక్ష్మి సెలవులో ఉందని చెప్పమని సత్తియ్యకి నేను చెప్పి పెట్టాను. అది అబద్ధం, దానికి నేను బాధపడటం లేదు.

బయట వాన. లోవలక్ష్మి సీసా మైనం గీకి, పొడి చల్లటి ఆమ్లంలో వేసింది. పూసలు ఉబ్బాయి. ఉబ్బడం పెద్ద గొప్ప కాదట, చచ్చినవి కూడా ఉబ్బుతాయట. కడిగింది, క్షారపు నీళ్ళలోకి మార్చింది. ప్రోటీన్ గొట్టం చేతిలోకి తీసుకుంది. సరిగ్గా అప్పుడు గుమ్మంలో మాస్టారు. గొడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. రెండు చేతులూ ముందుకు చాపి చూపించారు. ప్లాస్కు లేదు, ఉద్ధరిణె లేదు. ఒక కాలు గుమ్మం లోపల పెట్టబోయారు.

లోవలక్ష్మి తల తిప్పలేదు. కళ్ళు ట్యూబు మీదే ఉన్నాయి.

"అక్కడే ఉండండి మాస్టారూ. మడిలో ఉంది."

ఆమె కావాలని అన్నది కాదు. నేను పక్కనే ఉన్నాను, నాకు తెలుసు. చేతిలో రెండేళ్ళ కష్టం పట్టుకున్న మనిషికి మాటలు ఏరుకునే తీరిక ఉండదు. కానీ ఆ మాటలు ఎక్కడివో నేను గుర్తుపట్టాను. మాస్టారు కూడా గుర్తుపట్టారు. ఎత్తిన కాలు అలాగే వెనక్కి తీసుకున్నారు.

సత్తియ్య కారిడార్లో ఒక కుర్చీ వేశాడు. ఆయన అందులో కూర్చున్నారు. వాన జల్లు కారిడార్లోకి కొడుతోంది, పంచె అంచు తడుస్తోంది. జరగలేదు. రెండు గంటలూ నేనూ లోవలక్ష్మీ ట్యూబు తిప్పుతూనే ఉన్నాం. మధ్యలో క్యాంటీన్ నుంచి కాఫీ వచ్చింది. నా చేతులు ఖాళీ లేవు, ఆయనకి అందించే వీల్లేదు. గ్లాసు గుమ్మం అవతల పెట్టమని సత్తియ్యకి చెప్పాను. పెట్టాక చూసుకుంటే, అచ్చం వాళ్ళ అరుగు మీద పెట్టినట్టే ఉంది. ఆయన వంగి తీసుకుని తాగారు.

కరెంటు ఒకసారి పోయి వచ్చింది. రెండు గంటలయ్యాయి. పూసలు కిందికి దిగాయి. లోవలక్ష్మి పైన నీళ్ళు చుక్క తీసి రంగు మందులో వేసింది. ముగ్గురం చూస్తున్నాం, మాస్టారు కుర్చీలోంచి లేచి గుమ్మం బయటి నుంచే మెడ చాచి చూస్తున్నారు.

రంగు మారలేదు. టీ డికాషన్ టీ డికాషన్ లాగే ఉంది. ఇంకో చుక్క వేసింది. మారలేదు. ఇంకోటి. లోవలక్ష్మి ఆ గొట్టాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఏమీ జరగనందుకు ఇంత సంతోషం నాకు మళ్ళీ కలగలేదు.

ఆ తర్వాత సీరం పోయడం, యాంటీబాడీ దిగడం, చివరి అధ్యాయం టైపు అవడం, గడువు లోపలే కట్ట కట్టి యూనివర్సిటీలో ఇవ్వడం అన్నీ జరిగాయి. అవి ఎవరు చెప్పినా ఒకలాగే ఉంటాయి. నేను చెప్పదలుచుకున్నది ఆ సాయంత్రం గురించే.

పూసలకి ఇంకా ఖాళీ చేతులు కొన్ని మిగిలి ఉంటాయి. వాటికి ఏదో ఒక చిన్న పదార్థం ఇచ్చి మూసేయాలి, లేకపోతే తర్వాత అడ్డమైనదాన్నీ పట్టుకుంటాయి. లోవలక్ష్మి గ్లైసిన్ నీళ్ళు పోసి ఆ పనీ చేసింది. అందాకా మాస్టారు బయటే ఉన్నారు. చీకటి పడుతోంది. ఆమె ట్యూబు మూత బిగించి, చేతులు తుడుచుకుని గుమ్మం దాకా వెళ్ళింది.

"ఇప్పుడు లోపలికి రండి మాస్టారూ. ఇక ఎవరు ముట్టుకున్నా ఫరవాలేదు."

ఆయన వచ్చారు. చెప్పులు బయటే విడిచారు. లాబ్‌లోకి ఎవరూ చెప్పులు విడిచి రారు. ఆమె ట్యూబు ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని లైటు కింద పట్టుకుని చూశారు. తెల్లటి పూసలు, పైన తేట నీళ్ళు. అందులో ఏముందో చూస్తే తెలియదు.

"ఈ మడి ఎంతసేపమ్మాయ్ దీనికి?" అని అడిగారు.

"తనకి కావలసింది తను పట్టుకునేదాకానండి. రెండు గంటలు. ఆ తర్వాత అక్కర్లేదు."

మాస్టారు ట్యూబుని ఒకసారి మెల్లగా తలకిందులు చేశారు, ఆమె మొదటి రోజు చూపించినట్టే. పూసలు నిదానంగా అటు నుంచి ఇటు జారాయి.

"నిన్ను ఆరేళ్ళు వీధరుగు మీద కూర్చోబెట్టాం" అన్నారు.

లోవలక్ష్మి కుళాయి కింద గాజు గొట్టాలు కడుగుతోంది. చెయ్యి ఆపలేదు.

"కుర్చీ వేశారు కదండీ" అంది.

మాస్టారు ట్యూబు నా చేతికిచ్చారు. కళ్ళజోడు తీసి పంచె చెరుగుతో తుడుచుకోబోయారు, అది తడిసి ఉంది. తుడుచుకోకుండానే పెట్టుకున్నారు.